మాటల పద్దు

మూడు పక్కలా నీళ్లు, నాలుగో పక్క పోర్టు గోడ.
పటంలో దీవి కాదు గానీ
మా గెడ్డపాలెంవాడు ఆటో ఎక్కితే
"విశాఖపట్నం ఎల్తన్నాను" అంటాడు,
ఉన్నది విశాఖపట్నంలోనే అయినా.

ఇనప ఖనిజం దుమ్ము ఎర్రగా పేరుకున్న అరుగు మీద
పెద్దలు కూచున్నారు ఆ రాత్రి.
ఏడో తరగతి దాకా చదివానని
పుస్తకం నా చేతికిచ్చారు.

నేరం రాసుకున్నాను:
సూరాడ బండియ్య పడవలో జీపీఎస్ మిషను
గరికిన పోలారావు దొంగిలించి
హార్బరులో సోనాబోటుకి అమ్మినాడు,
పద్నాలుగు వేలకి.

మిషను పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.
అందులో ఉన్నవి సముద్రం చిరునామాలు.
ఏ పార మీద కోనెం తిరుగుతుంది,
ఏ అడుసు మీద గులివిందలు మేస్తాయి,
ఎక్కడ వల వేస్తే చిరిగి పీలికలౌతుంది,
ముప్పై ఏళ్ల వెతుకులాట
అరచేతిలో పట్టే డబ్బాలో.

ఎందుకు అమ్మావురా అంటే
కాళ్ల కింద ఇసకనే చూశాడు.
పోలీసుల దాకా ఎవరూ పోలేదు.
మా నేరాలు మా గోడ దాటవు.

శిక్ష రాసుకున్నాను:
తొంభై రోజులు వెలి.
అతని తెప్పకి భుజం పట్టకూడదు.
నిప్పు, నీళ్లు, ఉప్పు ఇవ్వకూడదు.
మాట్లాడితే, మాటకి నూటపదహారు.

మొదటి వారం పుస్తకం ఖాళీ.
నలుగురు తోస్తే గానీ కదలని తెప్పని
ఒక్కడే ఈ అంచు కాస్త, ఆ అంచు కాస్త
పీత నడకలో జరుపుకుంటూ పోతే
నీళ్లు తగిలేసరికి పొద్దు నెత్తికెక్కేది.

పదో రోజు కొర్లమ్మ వచ్చింది.
కొంగుముడి విప్పి
నీచు వాసన కొట్టే నోట్లు బల్ల మీద పెట్టింది.
"ఏటన్నావు అతనితో?" అన్నాను.
"ఇంకా అన్లేదురా. ఇప్పుడు ఎల్తన్నాను."
వెళ్లి, అతని గుమ్మంలో నిలబడి
"కూరేటి వండినావు?" అని అడిగి
జవాబు కోసం ఆగకుండా వచ్చేసింది.
నేను రాశాను: తేదీ, పేరు, మాట, నూటపదహారు.

పదమూడో రోజు, చోడిపల్లి అప్పలస్వామి:
"ఆ మోకు పుచ్చిపోనాది, సూసుకో."
ఇరవయ్యో రోజు, ముసల్ది దానమ్మ: ఒక తిట్టు.
(తిట్టుకీ కట్టాలా అని అరగంట తగువు. కట్టింది.)
వాన కురిసిన రాత్రి, పేరు రాయొద్దన్న కుర్రాడు:
"బావా."
అంతే. అంతా చిల్లరే కట్టాడు.

నలభై ఒకటో రోజు బండియ్యే వచ్చాడు.
కొత్త మిషనులో సముద్రం ఉత్త నీలం.
వారంగా వల ఖాళీగా లేస్తోంది.
ఐదు మాటలకి డబ్బు లెక్కపెట్టి
సాక్షిగా నన్ను వెంట తీసుకెళ్లాడు.

పోలారావు గడపలో వల కుడుతున్నాడు,
పన్నెండేళ్లు ఆ పడవకి చుక్కాని పట్టినవాడు.
"పెద్ద పార ఎక్కడరా?"
సూది ఆగలేదు.
"యారాడ కొండ ముక్కు ఎనక
ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు కనబడీ కనబడకుండా దాక్కోవాల.
కైలాసగిరి భుజమ్మీద సింహాచలం కొండ కూకోవాల.
అప్పుడు సీసం దింపు. ఇసక అంటదు, గుల్ల అంటుతాది."
పదిహేడు చోట్లు అప్పచెప్పాడు,
సంతకెళ్లే పిల్లాడికి చెప్పినట్టు.
బండియ్య లేచేటప్పుడు ఇంకేదో అనబోయాడు.
కట్టిన ఐదూ అయిపోయాయి.

తొంభయ్యో రాత్రి డబ్బా విప్పాను.
నూట ముప్పై మాటలు. పదిహేను వేల ఎనభై.
"మిషను కంటే మాటలే పిరిమైపోనాయేటి"
అన్నాడో పెద్ద. ఎవరో నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు.

అన్నీ నా చేతిరాతే.
నాది ఒక్కటీ లేదు.
మేమిద్దరం ఒకే చెక్క పట్టుకుని ఈత నేర్చుకున్నాం.
ఆ సోనాబోటు సరంగు మా మేనమామ.
ఇసకని చూశాడన్నాను కదా,
అరుగు చివర నేనున్న వైపు
ఒక్కసారి కూడా చూడలేదు.

గడువు తీరిపోయింది, ఇప్పుడు మాటకి ఖర్చు లేదు.
నూటపదహారు నా చొక్కా జేబులో చెమటకి నానుతోంది.
ఏ బల్ల మీద పెట్టను?