జీడి గురుతు

ఓదెవ్వకు అక్షరం రాదు.
ఊరి బట్టలన్నీ చదువుతది.

జీడిగింజను సెగకు చూపి
సూదిమొనతోని అంచు లోపల ఒత్తిన గురుతులు:
పటేలోల్లకు మూడు నిలువు గీతలు,
వడ్లోల్లకు కొడవలి వంక,
సాలోల్లం, మాకు
రెండు చుక్కల నడుమ అడ్డగీత.
బట్ట చినిగినా జీడి పోదు బిడ్డా, అనేది
చిన్నప్పుడు నేను గోటితో గీకుతుంటే.

ఇప్పుడు నాకు కంపెనీల రాత్రి డ్యూటీ.
కాంట్రాక్టు మనిషిని.
మందులు చేస్తరక్కడ,
ఏ దేశంలనో ఎవలికో జరం తగ్గుతదట.
మొగులు పట్టిందంటే సూపర్‌వైజర్ ఫోన్:
"సారంగపాణీ, జర తిప్పు."
ఎనిమిది చుట్లు తిప్పాలె.
ఆఖరి చుట్టు కొంచెం బిగుసు.
గోడ అవతల గొట్టం దగ్గుతది.
వానకు వాగు పొంగిందనుకుంటరు అందరు.

తెల్లంగీలు పసుపు తిరిగిన ఏడాది
ఊరు ఊరంతా ఓదెవ్వనే తిట్టింది.
సౌడెక్కువేసినవా ముసల్దానా,
కండ్లు కనబడ్తలేవా అని.
మా అమ్మ కూడ అన్నది.
నేను ఆ మాట ఇన్న. తలకాయ వంచుకొని బువ్వ తిన్న.

ఆమె ఎవలికీ ఎదురు చెప్పలే.
తాత మగ్గం మీద నేసిన పాత పంచె ఒకటి
మా ఇంట్లనే అడిగి తీసుకపోయింది,
ఒల్లు తుడుచుకోను అని.
దాన్ని పేలికలు చింపి
రోజొకటి వాగుల ముంచి ఆరేసింది.

కంపెనోల్లు కార్డులిచ్చిన్రు,
గీకితే ఇరవై లీటర్లు,
తాగేటందుకే. ఉబ్బకేసే బానకు కాదు.
గాడిద మాత్రం కార్డు లేనిది.
రేవు కాడ మూతి పెట్టి, తీసి,
నిలవడ్డది పొద్దుగూకెదాక.

వాగు తేటగా పారిన రోజు
ఓదెవ్వ అనేది: రేపు జీపొస్తది.
వచ్చేది.
సీసాల నీళ్లు పట్టుకొని పోయేది.

మొన్న హన్మకొండల మీటింగు పెడితే
మూట నెత్తిన పెట్టుకొని బస్సెక్కింది.
నేను ఎనుక సీట్ల కూసున్న, కంపెనీ తరపున
చప్పట్లు కొట్టెటందుకు తెచ్చినోల్లల్ల.
బల్ల మీద మూట ఇప్పింది.
పచ్చవి, తుప్పువి, కాకినలుపువి,
కొన్ని పట్టుకుంటే పొడైనయి.
వాసనకు ఒక మేడం కుర్చీ జరుపుకున్నది.

పేలిక శాంపిల్ కాదమ్మా, అన్నడు సారు.
చేతులు చూపింది.
జీడి రసంతోనే పొక్కుతయి గదా, అన్నడు.
మరి ఉత్తగ పంపద్దనుకున్నడేమో,
కుప్పల చెయ్యి పెట్టి వెతికి
తెల్లగున్న ఒక్కదాన్ని ఏరి
ఫైలుల పెట్టుకున్నడు.

మిగిలినయి కింద పడ్డయి.
ఏరనీకె నేనే వంగిన.
పంచె ఒక్కటే,
గురుతు ఒక్క మూలకే ఉండాలె.
కాని పచ్చదాని మీద ఉన్నది, నల్లదాని మీద ఉన్నది,
పొడైనదాని మీద సగం ఉన్నది.
రెండు చుక్కలు. అడ్డగీత.

తలెత్తిన.
ఓదెవ్వ మూట కట్టుకుంటున్నది.
"నీ నీలం అంగీ ఉతికి పెట్టిన,
పొద్దుగూకినంక తీస్కపో" అన్నది.
అంతే.

ఇయ్యాల మొగులైంది.
గేటు కాడ నిలవడి కాలరు లోపలికి
బొటనేలు పోనిచ్చిన.
జేబుల ఫోను కొట్టుకుంటున్నది.