నడిమి కాలువ

ముషీరాబాద్ చేపల మార్కెట్ల
నా సైకిల్ సానకు ముప్పై రెండేండ్లు.
కత్తిపీట చూసి చెప్తా
ఎవరు కొర్రమట్ట కోస్తరో, ఎవరు బొచ్చె కోస్తరో,
ఎవరు మొగని మీది కోపం మొద్దు మీద తీస్తరో.

ఈశ్వరమ్మ బిడ్డ శివలీల
ఒకనాడు ఉర్దూ పేపర్ల చుట్టి తెచ్చింది
రెండు బూట్లు. అడుగున కత్తులు.
నవ్విన.
కాళ్లకు కత్తులేందే పిల్లా, చేపల మీద నడుస్తవా?
"మంచు మీద మామా."
మంచంటే నాకు తెల్వదా,
నాలుగ్గొట్టంగ గోనెసంచిల వచ్చి
పదకొండింటికి మోరీ పాలయ్యేది.

మామూలు లెక్కనే పట్టిచ్చిన.
తెల్లారి వచ్చింది, గదువకు మూడు కుట్లు.
తిట్టలే. సుద్దముక్కతోని బండ మీద గీసింది:
కత్తికి ఒక్క పదును. దీనికి రెండు.
లోపలొకటి, బయటొకటి,
నడుమ సన్నని కాలువ.
ఒకదాని మీద ఒరిగితేనే తిరుగుతవు.
రెండిటి మీద నిలవడ్డవా, సక్కగ పోతవు,
గోడకు.

పాత ఆకురాయితోని నా రాయి అంచును
గుండ్రంగ అరగదీసుకునేసరికి
ఒక ఎండకాలం గడిచింది.

కొండాపూర్ మాల్‌ల మూడో అంతస్తు మంచు
పెండ్లి హాల్ల సగం గూడ లేదు.
రాత్రి పదకొండు దాటి, సెల్ఫీలోళ్లు పోయినంక
గంటకింతని కిరాయి.
ఒకసారి పోయిన. బయట నలభై రెండు డిగ్రీలు.
లోపల వాచ్‌మన్ తన శాలువ నాకు కప్పిండు.
ఆమె మలిగినప్పుడు విన్న:
పచ్చి చేపకు పొలుసు తీసిన చప్పుడే,
జర పెద్దగ.

తర్వాత లేహ్. గడ్డకట్టిన చెరువు.
మొదటి వారం ఊపిరందక ఒడ్డుకే కూసున్నదట.
లద్దాఖ్ పిల్లలు పేరు పలకరాక
"హైదరాబాద్" అనే పిలిచిండ్రట.
తర్వాత జెర్సీ. తర్వాత అల్మాటీ,
రెండు చలికాలాలు జీతమిచ్చి ఆడిపిచ్చుకున్నరు.
మొదటి జీతంల తల్లికి ఫ్రిజ్ కొన్నది.
ఈశ్వరమ్మ దాంట్ల ఒక్క చేపను పెట్టనియ్యలే.
"వాసనొస్తది" అంటది.

సెలవులకొస్తే బూట్లు నా దగ్గరికే.
అక్కడ మిషన్లుంటయి గదా అంటే
"మిషను చూడదు మామా."
నేను చూస్త.
ఎప్పుడూ ఎడమ కాలి లోపలంచే ముందుగాల అరిగేది.
అటే ఆగుతది, మీదపడేటోళ్లను అటే కాస్తది.
ఒక ఏడు కుడి బ్లేడు కొత్తదాన్లెక్క మెరిసింది.
"ఆ మోకాలు మీద బరువేస్తలేవు గదనే?"
సీసల నీళ్లన్ని తాగింది.
"డాక్టరుకు చెప్పకు" అన్నది,
నాకు డాక్టర్లు బాగ తెల్సినట్టు.

సాన పెడ్తే పదునొక్కటే రాదు,
ఉక్కు పోతది.
రవ్వలు లేస్తే పోరగాండ్లు సంబరపడ్తరు గని
అవి బ్లేడు ముక్కలే.
తొమ్మిదేండ్లకు మిగిలింది
చిటికెన వేలి గోరంత.
ఇగ పట్టనన్న. పట్టు మామా అన్నది.
పట్టలే.
మూడు నెలలు నా దిక్కు చూడకుంట
తల్లి కత్తిపీటను కవాడిగూడ పంపింది.

మొన్న ఐతారం గోనెసంచి దించింది.
మంచనుకున్న. పదకొండు జతల బూట్లు,
చిన్నచిన్నయి, మాల్‌ల కిరాయివి.
"ఎవరియే ఇవి?"
"నువ్వే చూసి చెప్పు."
ఒకటి తిప్పి చూసిన. అంచులు నాలుగు నాలుగే,
ఎక్కడా అరుగుడు లేదు. ముందు కొన మాత్రం సొట్ట.
"ఈ పిల్లకు ఆగుడు రాదు" అన్న.
శివలీల పకపక నవ్వింది,
గదువ మీద పాత కుట్లు సాగంగ.
"మౌలాలి పిల్ల. గోడనే ఆపుతది."

సాన తొక్కుడు మొదలువెట్టిన.