చెక్కుబంది

తూర్పున వాగు. ఎండిపోయింది.
ఉత్తరాన థోమా వాళ్ల మేకల దొడ్డి. థోమా లేడు, మేకలూ లేవు.
దక్షిణాన అడవి బేరిచెట్టు. డెబ్బై నాలుగులో దాన్ని కొట్టేసి
ఆ గోతిలోనే సిమెంటు బంకర్ పోశారు.
పడమర సముద్రం.
అదొక్కటే కాగితంలో చెప్పినచోట ఉంది.

పోలిక్సేని ప్రతి మంగళవారం వస్తుంది.
వ్లోరా భూమి రికార్డుల ఆఫీసు, మూడో కిటికీ. లోపల నేను.
బిస్కెట్ల డబ్బా మూత తీస్తుంది:
సుల్తాను కాలం నాటి పట్టా.
తాపీ అంటారు మా దగ్గర దాన్ని,
తాపీగానే నడుస్తుంది దాని వ్యవహారం.
రాజుగారి ముద్రేసిన రసీదు.
తర్వాత సహకార సంఘం వాళ్లు లాక్కున్న నలభై అయిదేళ్లకి
కాగితమంటూ లేదు.
మళ్లీ పంచినప్పటి నీలం సంతకం.
నలభై ఒక్క ఆలివ్ చెట్లు, ఒక్కో చెట్టుకీ ఒక పేరు.
ఫారంలో దానికి గడి లేదు.

అదే నేల మీద ఇప్పుడు ఇంకో కాగితం.
అదే నంబరు, తడి ఆరని ముద్ర.
నాలుగంతస్తుల హోటలు, ఈతకొలను,
గేటు దగ్గర అలంకారానికి
ఆమె చెట్టే, కుండీలో.

పందొమ్మిదేళ్లు కేసు నడిచింది. గెలిచింది.
హోటలు వాళ్లు అప్పీలుకెళ్లారు, కోర్టు అమీనా కదల్లేదు.
అప్పీలు వినాల్సిన జడ్జిని పోయినేడు తీసేశారు.
తన ఇల్లెక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేకపోయాడట.
"మంచిదేగా, దొంగని పట్టారు" అంది.
"మరి నా తోట?"

వసంతంలో బ్రస్సెల్స్ వాళ్లొచ్చారు.
ముందురోజు గోడలకి సున్నం, నాకు టై.
వరసలో నిలబడ్డ ఆమెనే అడిగారు, స్థలం ఎంతని.
తాపీ విప్పి చదివింది:
"తెల్లరాయి మీద నిలబడి మగవాడు అరిస్తే
ఎంతవరకు వినబడుతుందో అంత."
దుభాషి రెండుసార్లు అడిగింది.
కుర్రాడొకడు రాసుకున్నాడు, ఏం రాశాడో.

ఆకులు రాలేవేళకి నివేదిక వచ్చింది.
ఆస్తి హక్కులు: కొంత పురోగతి.
కిటికీలోంచి చదివి వినిపించాను.
"కొంత అంటే ఎంత?" అంది పోలిక్సేని.
"నా కొలత కంటే గట్టిదేనా అది?"

నా ఇల్లు సంగతి ఆమెకి చెప్పలేదు.
తొంభై ఏడులో, ప్రభుత్వమన్నదే కనబడని ఏడాది,
నాన్న రాత్రికి రాత్రి లేపిన గోడలు.
క్రమబద్ధీకరణ దరఖాస్తు మూడో కిటికీలోనే ఉంది.
వచ్చే మంగళవారం రమ్మని
నాకు నేనే చెప్పుకుంటుంటాను.
రాని పై అంతస్తు కోసం ఊచలు ఆకాశంలోకి నిక్కి ఉంటాయి,
ఒకదానికి అమ్మ కట్టిన దిష్టిబొమ్మ, నాన్న కోటు తొడుక్కుని.

ఆ రాత్రి డాబా ఎక్కి, దాని పక్కన నిలబడి,
సముద్రం వైపు తిరిగి ఒక్క అరుపు అరిచాను.
ఎక్కడో కుక్క మొరిగింది. పక్కింట్లో లైటు వెలిగింది.
అంతదూరం కొలిచే గొలుసు
మా ఆఫీసులో లేదు.