తుడవని చోటు

ఇరవై ఆరేళ్లుగా ఈ ఈతకొలను తాళాలు నా నడుముకే ఉన్నాయి.
బయట మైనస్ ముప్పై. లోపల పిల్లలు ఈదుతూ
కిటికీ అద్దాలకి చెమటలు పట్టిస్తారు.
రాత్రి తొమ్మిదికి అందరూ వెళ్లాక
నీళ్లలోకి దిగే నిచ్చెనని తుడుస్తాను.
మెట్టు, మెట్టు, చేతులు పట్టుకునే వంపు.
ఎన్ని అరచేతులు! ఒక్క మరక లేదు.
స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టనిదే అనుకున్నాను ఇన్నాళ్లూ.

మంగళవారం తనిఖీకి ఇర్మెలి కొస్తామో వచ్చింది.
పొట్టి మనిషి. నుదుటికి దీపం, జేబులో అయస్కాంతం.
నిచ్చెనకి ఆనిస్తే అంటుకోకుండా జారిపోయింది.
"నికెల్ బాగానే పడింది," అంది, పులుసు రుచి చూసినట్టు.
తర్వాత నేను అడక్కుండానే:
"తుప్పు పట్టదని ఎవరన్నారు ఓయ్వా?
అందరికంటే ముందు పట్టేది దీనికే.
గాలి తగలగానే ఇందులోని క్రోమియం
కంటికి ఆనని పొరై పైన పరుచుకుంటుంది.
గీరితే మళ్లీ అల్లుకుంటుంది.
ఊపిరాడినంతసేపే దీని మర్యాద."

సీలింగ్ పలక తీసి పైకెక్కాం.
కొలను మీద ఇంకో కొలను అక్కడ,
వెచ్చటి చీకటి, క్లోరిన్ ఆవిరి, ముక్కులో మంట.
వేలెడంత లావు కడ్డీలు
కప్పు బరువంతా మోస్తూ వేలాడుతున్నాయి.
సరిగ్గా కింద చంటివాళ్ల క్లాసు:
ఏడుగురు పిల్లలు, నురగ పలకలు, పిల్వి ఈల.

కడ్డీ మెరుస్తూనే ఉంది. నా కంటికి కొత్తదే.
ఆమె దీపాన్ని ఏటవాలుగా పట్టింది.
టీ మరకలాంటి చుక్క. దాని నడుమ
వెంట్రుక వేళ్లూనుకున్నట్టు, కొమ్మలు చీలుతూ ఒక గీత.
బరువు కిందికి లాగుతోంది,
ఆవిరిలోని ఉప్పు లోపలికి తొలుస్తోంది,
పొరకి మూసుకునే తీరిక ఇవ్వకుండా.
మామూలు ఇనుమైతే ఎర్రగా ఏడ్చి చెప్పేది.
ఇది ముఖం చెడకుండానే తెగుతుందట.

"మరి నిచ్చెన?" అన్నాను. "అదే లోహం, అదే లారీలో వచ్చింది.
బిల్లు ఇంకా నా దగ్గరే ఉంది."
"దాన్ని నువ్వు కడుగుతున్నావుగా," అంది.

కాసేపు నేను కిందికి దిగలేకపోయాను.

పిల్వి దగ్గర ఈల తీసుకుని నేనే ఊదాను.
పిల్లలు తడి పాదాలతో గొణుక్కుంటూ వెళ్లారు.
ఒకడు నాకేసి నాలుక చాపాడు.

కొత్త కడ్డీలు వస్తాయి,
నూటికి ఆరు పాళ్లు మాలిబ్డినం కలిపినవి,
సముద్రంలో నానేసినా పెద్దగా లెక్కచేయనివి.
ధర విని కౌన్సిల్ కోశాధికారి కుర్చీలో వెనక్కి వాలాడు.
ఇర్మెలి సంతకం పెడుతూ తలెత్తకుండా అంది:
"అవి బిగించాక కూడా ఏడాదికోసారి పైకెక్కు.
గుడ్డ తీసుకెళ్లు."

ఇప్పుడు కొలనులో నీళ్లు లేవు.
నా అడుగులు నాకే రెండుసార్లు వినిపిస్తున్నాయి.
తొమ్మిదైంది; అలవాటుకొద్దీ గుడ్డ తడిపాను.
ఆమె కోసిచ్చిన కడ్డీ ముక్క కోటు జేబులో ఉంది.
బొటనవేలితో ఎంత తడిమినా గీత దొరకదు.
చాలా నున్నగా ఉంది.