మరమేకులు

ఔలులో ఉదయం ఏడు. ఇంకా రాత్రే.
మైనస్ పంతొమ్మిది.
బడి వంటింట్లో గరిటె తిప్పే చేత్తోనే
హిల్కా పాతబూట్ల అడుగున
కాలికి పన్నెండేసి మరమేకులు బిగించింది.

గడ్డకట్టిన నది మీద పరుగు.
కర్ కర్ కర్ కర్.
కనురెప్పల మీద తన ఊపిరే ఉప్పై పేరుకుంది.
ఒడ్డున మంచుతోసే బండిలోంచి
తౌనో చెయ్యెత్తాడు, ఆగలేదు.
ఇక్కడ పలకరింపంటే అంతే.

వంతెన దాటాక
కర్, క. కర్, క.
ఎడమబూటుకి ఒక మేకు రాలింది ఎక్కడో.
కాలు బాగానే ఉంది,
చప్పుడే కుంటుతోంది.

వెతకలేదు. ఏప్రిల్లో ఎలాగూ
నదే మింగేస్తుంది దాన్ని.
మూరెడు మందం మంచు కింద
చేపలు వింటున్నాయేమో,
రోజూ వచ్చే మనిషి ఇవాళ రాలేదు,
ఈవిడెవరో కొత్త అనుకుంటున్నాయేమో.

అరవై రెండేళ్ళ హిల్కా
కొత్తావిడలాగే
ఇంకో కిలోమీటరు పరుగెత్తింది.