తడిసిన సుద్ద

మర్రిగూడ బడి వెనక, ప్రహరీ గోడ మూలకు
మూతకు తాళమేసిన ఇనుప గొట్టం ఒకటుంటది.
పోరగాండ్లు దాని మీద కూసుండి
ఉప్పూకారం అద్దిన జామకాయ తింటరు.
నెలకొక్కపారి నేనొస్త.
"లేవుండ్రి బిడ్డా" అంట,
తాళం తీసి, నేల కడుపులకు టేపు వదుల్త.

నా నౌకరి గదే.
నీళ్లు ఎంత లోతుకు వోయినయో రాసుకొచ్చుడు.
నేల సున్నా.
నేల కింద ఏదున్నా మైనస్.
పదకొండేండ్ల సంది నా రిజిస్టర్ల
ప్లస్ గుర్తుకు పని తక్కువ.

టేపు కొసకు సుద్ద పూయాలె.
సుద్దముక్క ఏడో తరగతిల అడుక్కుంట.
ఆ పొద్దు అడగవోతే లెక్కల టీచరు
బోర్డు మీద అడ్డంగ గీత గీసి
సున్నాకు ఎడమ దిక్కు ఒక్కొక్క అంకెను కూసోబెడుతున్నది.
ఇంటర్వెల్ల ప్రణవి నా ఎనకనే వచ్చింది, నోటుబుక్కు పట్టుకొని.
"సార్, మా గీత అడ్డం. మీది నిలువు."
"దూపైనోళ్లకు అడ్డం గీత పనికిరాదు బిడ్డా."

ఇరవై మీటర్ల దాకా వదిలిన.
పైకి గుంజితే
కొసకు మీటరు మేర సుద్ద కొట్టుకపోయింది,
ఇనుము నల్లగ మెరుస్తున్నది.
"మైనస్ ఇరవైకి ఒకటి కలుపు."
ఏళ్లు మడిచింది, పెదవులు కదిలినయి.
"మైనస్ ఇరవై ఒకటి?"
"ఆ ఒకటి తడి. తడి ఎప్పుడూ పైకే లెక్క."
"అయితే పందొమ్మిది." కొంచెమాగి,
"మైనస్ పందొమ్మిది."

గోడ అవతల గొర్లాపి మల్సూరు తాత తొంగి చూసిండు.
మూడు బోర్లేసిన మనిషి. మూడిట్ల దుమ్మే లేసింది.
"ఎంతయ్యా?"
"మిర్గానికి ముందు ముప్పై ఒకటి, ఇప్పుడు పందొమ్మిది. రెండూ మైనస్లే."
"మైనసంటే మునిగినట్టే గద."

మైనస్ పందొమ్మిదిల నుంచి
మైనస్ ముప్పై ఒకటి తీసెయ్యమన్న.
ప్రణవి రాసింది: మైనస్ యాభై.
నాకు నవ్వొచ్చింది.
"ఇన్ని వానలు పడ్డంక
నీళ్లు ఇంకా కిందికి ఉరికినయానే?"
రబ్బరుతోని తుడిచింది, కాయితం చినిగేదాక.
"తీసెయ్యమంటే తక్కువ గావాలె గద సార్?"

నాకు జవాబు దొరకలే.
నాకూ బడిల ఇంతే చెప్పిండ్రు:
రెండు మైనస్లు ఎదురువడితే ప్లస్.
ఎందుకని అడిగేలోపు బెల్లు కొట్టిండ్రు.
నలభై ఆరేండ్లొచ్చినయి, ఆ బెల్లు ఇంకా మోగుతున్నది.

తాతనే అందుకున్నడు, కర్ర మీద గదువ ఆనిచ్చి:
"చండూరు ఎరువుల దుకాణంల నా పేరు మీద నలభై వేలుండె.
మొన్న పొట్టేలునమ్మి తొమ్మిది వేలు కొట్టేపిచ్చిన.
సేటు ఎర్ర పెన్నుతోని గీకిండు, గంతే.
జేబులకు రూపాయి రాలే.
కాని ఇంటికి నడుస్తుంటే
కాళ్లు తేలికైనయి బిడ్డా.
తీసేసింది పైసల్ని కాదు గద,
బాకీని."

ప్రణవి చానాసేపు ఏం మాట్లాడలే.
ఒక గొర్రె దగ్గింది.
నోటుబుక్కు మూలకు ఏదో రాసుకొని
మెల్లగ అన్నది:
"తాతా, ఇంకా మైనస్ ముప్పై ఒకటి ఉన్నది నీకు.
నువ్వింకా ఎండకాలంలనే ఉన్నవ్."
ముసలాయన నవ్విండు,
పండ్లు లేని నోరంతా తెరిచి,
"అవు, నాకింక వాన రాలే" అనుకుంట గొర్లను అదిలిచ్చిండు.

అప్పుడు రాసింది, చినిగిన కాడనే, పక్కకు జరిగి:
ప్లస్ పన్నెండు.
నేను గూడ రిజిస్టర్ల, తేడా అనే గడిల,
అదే ఎక్కిచ్చిన.
ప్లస్ గుర్తు వంకర వోయింది, మళ్ల దిద్దిన.
నీళ్లయితే నేల కిందనే ఉన్నయి.
పన్నెండు మెట్లెక్కి
చీకట్ల కూసున్నయి.

"సున్నా ఎప్పుడొస్తది సార్?"
"నా నౌకరిల చూడలే."
అబద్ధం చెప్పబుద్ధి కాలే.

బెల్లు కొట్టిండ్రు.
మిగిలిన సుద్దముక్క దాని చేతుల పెట్టిన,
తడి చేతులతోని పట్టుకుంటి గదా, నాని ఉండె.
కిటికిలకెల్లి చూసిన:
బోర్డు మీద ఏదో రాస్తున్నది,
ముందుగాల ఏం కనవడలే, ఉత్త నీళ్ల గీత.
తాళమేసి, టేపు చుట్టి, బండి స్టార్టు చేసేసరికి
ఆరుకుంట, ఆరుకుంట
అంకె తెల్లగ లేస్తున్నది.