రాత్రి తూకం

నవంబరు పదిహేనుకి ఇంకా పదకొండు రోజులుంది.
సుపీరియర్ సరస్సు మీంచి మొదటి మంచు
అడ్డంగా కొడుతోంది కిటికీలని.
కింద సెల్లార్‌లో మా మామ వాల్ఫ్రిడ్
కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకుని
తూటాలు కడుతున్నాడు.

పోయినేడు కాల్చిన గుల్లలే అన్నీ.
మసి కడిగి, మూతి సవరించి
పాత తువ్వాలు మీద ఆరబోసిన ఇత్తడి.
గుల్లకింత మందు.
పెన్సిలు ముక్కు విరిచి నూరినట్టుండే
నల్లటి పలుకులు.
త్రాసు ముల్లు గీత మీద నిలబడేదాకా
ఊపిరి బిగబట్టాలి.
"ఊపిరి కూడా బరువే" అన్నాడు
కొత్త కోడలిగా నేనీ మెట్లు దిగిన రోజున.
ఆచితూచి అనే మాటకి అర్థం
అప్పట్లో నాకు ఆయన బొటనవేలూ చూపుడువేలూ.
చిటికెలోంచి ఒక పలుకు రాలేది.
ఆగేవాడు.
ఇంకొక్క పలుకు.

ఆ వేళ్ళిప్పుడు వణుకుతున్నాయి.
పొద్దున్నే మాత్రలు నేనే లెక్కపెట్టి ఇస్తాను:
తెల్లవి రెండు, పసుప్పచ్చది సగం.
ఆ మందు నా చేతిమీద నడుస్తోంది.
ఈ మందు మాత్రం ముట్టనివ్వడు.

బల్ల మీద ఆయన నోటు పుస్తకం,
అట్టకి జీను తోలు కుట్టుకున్నది.
ఎన్ని దుప్పులు పడ్డాయో ఉండదు అందులో.
తప్పినవే రాస్తాడు.
"పడమటి గాలి. తొందరపడ్డాను."
"వెనక కాలికి తగిలింది. చీకటిపడేదాకా వెతికాను.
రెండో రోజు దొరికింది. తప్పు నాదే."

మొన్న సాయంత్రం పెట్టె సర్దుతూ
ఒక తూటాని చెవి దగ్గర ఊపాను.
చప్పుడు లేదు.
నిండుగా ఉన్నా చప్పుడుండదు,
ఏమీ లేకపోయినా ఉండదు.
త్రాసులో పెడితే తేలిపోయింది.
దాని పక్కదాన్ని తూచాను.
ఒకదాని అన్నం ఇంకొకటి తిన్నట్టు
ముల్లు పైకి లేచిపోయింది.

మాట్ ఇనప ఖనిజం ఓడ మీద
దులూత్‌లో సరుకు కోసం ఆగి ఉన్నాడు.
ఫోన్లో విని కాసేపు మాట్లాడలేదు.
"నాన్న తుపాకి ఎక్కడైనా దాచెయ్యి" అన్నాడు.
ఎనభై రెండేళ్ళ మనిషి,
చీకటితో లేచి
దేవదారుల మొదట్లో ఒంటరిగా కూచోడానికి
ఏడాదంతా ఎదురు చూసే మనిషి.
తుపాకి దాచొచ్చు.
ఆ ఉదయాన్ని ఎక్కడ దాచను?

రోజుకి ఐదు కడతాడు.
రాత్రికి ఆ ఐదూ విప్పుతాను.
ఆయన గురక మొదలయ్యాక
మేజోళ్ళతో మెట్లు దిగి
సుత్తిలాంటి ఆ ప్లాస్టిక్ పనిముట్టులో తూటా బిగించి
సిమెంటు గచ్చు మీద కొడతాను.
ఒకటి. రెండు.
పైన మంచం కిర్రుమంటుంది, ఆగుతాను.
మూడో దెబ్బకి గుండు ఊడి
మందు జలజలా జారుతుంది.
ఊపిరి బిగబట్టి మళ్ళీ తూచి
మళ్ళీ కట్టి
అదే పెట్టెలో అదే గడిలో నిలబెడతాను.
నోటు పుస్తకంలో ఆయన వేసిన అంకె పక్కన
ఏమీ రాయను.

ఆయన తూకం సరిగ్గా ఉన్న రాత్రి ఒకటుంది.
ఐదూ సరే, వెంట్రుకవాసి తేడా లేదు.
అయినా విప్పాను.
దానికి మాత్రం నాకు సిగ్గేసింది.

నిన్న రాత్రి దిగేసరికి
నేను రోజూ కొట్టే చోట, గచ్చు మీద
మేపుల్ దుంగ ముక్క ఒకటి
నిలువుగా, రంపపు కోత ఇంకా పచ్చిగా.
దాని అడుగున చప్పుడు రాకుండా
మడిచి పరిచిన ఫెల్టు,
ఆయన బూటు లోపలిది.

చాలాసేపు మెట్టు మీదే కూచున్నాను.
తర్వాత దుంగ మీద కొట్టాను.
ఇల్లు కదలలేదు.

పొద్దున కాఫీలో రొట్టె ముంచుకుంటూ
"సిమెంటు మీదైతే పనిముట్టు పగుల్తుంది"
అన్నాడు, ఎవరితోనో అన్నట్టు,
కిటికీలోంచి మంచు చూస్తూ.

మధ్యాహ్నం చివరి ఐదూ కట్టాడు.
సాయం చేస్తానన్నాను.
ఎప్పటిలాగే ముట్టనివ్వలేదు.